నూట పదిహేడో వరుస

నూట పదహారో వరుస దగ్గర ‘అవును’ కొట్టి, చెవి మీదున్న పెన్సిలు తీసి, పుస్తకంలో అదే అంకె పక్కన చిన్న గీత గీసి, పెన్సిలు మళ్లీ చెవి మీద పెట్టుకున్నాడు ఎందుకయ్య. తర్వాతిది నూట పదిహేడు. చెయ్యి అక్కడ ఆగింది. పదహారేళ్లుగా అక్కడ ఆగుతూనే ఉంది. ఎప్పుడో ముల్లు విరిగిన చోట కాలు దానంతట అదే తేలిగ్గా పడ్డట్టు, ఆ వరుస దగ్గరకి వచ్చేసరికి అతని వేలు తడబడుతుంది.

ఎందుకయ్య అసలు పేరు జీతాల కాగితం మీద మాత్రమే ఉంది. యాభై తొమ్మిది నిండిన మనిషి. సన్నంగా, కాస్త ముందుకి వంగి, తలుపు సందులోంచి ఎవరో పిలిస్తే తొంగి చూస్తున్నట్టు ఉంటాడు. వడ్రంగి కొడుకు. తండ్రి దగ్గర నేర్చుకున్నది పెన్సిలు చెవి మీద పెట్టుకోవడం ఒక్కటే అని అతని భార్య అంటుంది. ముప్ఫై ఏళ్ల పెన్సిలు బరువుకి కుడి చెవి ఎడమ చెవి కంటే వెంట్రుక వాసి బయటికి వాలింది.

ఆ కంపెనీ చేసేది పిలుపు పెట్టెలు. మంచం పట్టిన మనిషి పక్కన ఒక బటన్. ఎక్కడో నర్సు దగ్గర ఒక పెట్టె. ఇక్కడ నొక్కితే అక్కడ మోగుతుంది. మధ్యలో తీగ లేదు, గాలిలోంచి వెళుతుంది కబురు. పెట్టెలో అరచెయ్యంత కంప్యూటరు, దాని మీద వేలిగోరంత వైఫై చిప్పు. ఆ చిప్పు చేత మాట్లాడించే చిన్న ప్రోగ్రామే డ్రైవరు. కంప్యూటరు గుండెకాయ లాంటి కెర్నెల్ మారినప్పుడల్లా, దానికి సరిపడేలా డ్రైవరుని మళ్లీ కట్టుకోవాలి. కట్టబోయే ముందు అది రెండు వందల నలభై ప్రశ్నలు అడుగుతుంది. ఇది కావాలా, అది కావాలా అని. జవాబులు మూడే: అవును, కాదు, విడిగా ఉంచు.

ఆ మూడిటినీ కొత్తగా వచ్చినవాళ్లకి ఎందుకయ్య ఇలా చెప్పేవాడు: "అల్లుళ్లు మూడు రకాలు. ఇంట్లోనే ఉండిపోయే అల్లుడు ఒకడు. కబురు పెడితే వచ్చి, పని చూసి పోయే అల్లుడు ఒకడు. గడప తొక్కనివ్వకూడని అల్లుడు ఒకడు. ఎవడు ఏ రకమో తేల్చడమే మన పని."

ఆ రెండు వందల నలభై జవాబులకీ ఒక పుస్తకం ఉంది. పొడుగాటి అట్ట పుస్తకం, మూడు గళ్లు: అంకె, జవాబు, ఎందుకు. అది మొదలుపెట్టినవాడు ఎందుకయ్యకి పని నేర్పిన పెద్దాయన. "జవాబు ఎవడైనా రాస్తాడు. ఎందుకో రాయనివాడు పక్కవాడి దారిలో గొయ్యి తవ్వినట్టే" అనేవాడు. ‘ఎందుకు’ గడి ఖాళీగా వదిలినవాణ్ణి నిలబెట్టి అడిగేవాడు. ఇంకో నియమం, ‘ఎందుకు’ గడి పెన్సిలుతోనే రాయాలి. కారణాలు మారతాయి, చెరుపుకోవడానికి వీలుండాలి. పెద్దాయన తర్వాత ఆ పట్టుదల ఇతనికి అబ్బింది, పేరూ అబ్బింది.

అంత నియమం పెట్టిన పెద్దాయన చేత్తోనే, నూట పదిహేడో వరుసలో, ‘వద్దు’ అని ఇంకుతో రాసి ఉంది. కింద రెండు గీతలు. పక్కన ‘ఎందుకు’ గడి ఖాళీ.

ఆ వరుస అడిగేది చిన్న సంగతే. పని లేనప్పుడు చిప్పుని కునుకు తియ్యనివ్వాలా అని. తియ్యనిస్తే కరెంటు ఆదా. లోకంలో అందరూ అవుననే కొడతారు. ఈ కంపెనీ పెట్టెలు మాత్రం పదహారేళ్లుగా కన్ను మూయకుండా మేలుకునే ఉన్నాయి. బతికుండగా ఒకసారి ఎందుకయ్య అడిగాడు. పెద్దాయన కళ్లద్దాలు తీసి తుడుచుకుని, "నీ టీ చల్లారిపోతోంది" అన్నాడు. మళ్లీ అడగలేదు. పెద్దాయన పోయి నాలుగేళ్లయింది.

"గురువుగారూ, చూపులు చాలు, ముహూర్తం దాటిపోతోంది" అంది పక్క కుర్చీలోంచి కొత్తమ్మాయి. చేరి రెండేళ్లయినా, ముప్ఫై నాలుగేళ్లు వచ్చినా, ఒక బిడ్డ తల్లయినా ఆమెకి ఆ పేరు పోలేదు. ఆమె తర్వాత ఎవరూ చేరకపోవడమే కారణం.

ఆ రోజు ఎందుకయ్య ఉద్యోగానికి ఆఖరి రోజు. సాయంత్రం అయిదుకి పుస్తకం కొత్తమ్మాయి చేతికి వెళుతుంది. అదే సాయంత్రానికి ఒక పెద్ద వృద్ధుల ఆస్పత్రికి రెండు వందల పెట్టెల డ్రైవరు కట్టి, సంతకం చేసి పంపాలి. ఇంతకాలం గోడకి తగిలించి కరెంటుతో నడిచిన పెట్టెలు కావు. నర్సులు నడుముకి పెట్టుకు తిరిగేవి, బ్యాటరీవి. చిప్పు మేలుకునే ఉంటే బ్యాటరీ ఆరు గంటల్లో అయిపోతుంది. కునుకు తియ్యనిస్తే రెండు రోజులు వస్తుంది. నూట పదిహేడులో అవును కొట్టాలి. కొట్టి, కింద అతని సంతకం పెట్టాలి.

"అవుననే కొట్టమ్మాయ్. కట్టి చూద్దాం. ఏమవుతుందో అదీ తెలుస్తుంది" అన్నాడు. గొంతులో భయం కంటే, మూసిన డబ్బా మూత లాగబోయే పిల్లాడి ఉబలాటం ఎక్కువ వినిపించింది.

ఆమె కొట్టి, మిగిలిన వరుసలకి ప్రస్తుతానికి పాత జవాబులే ఉంచింది. కట్టడానికి పదకొండు నిమిషాలు పట్టింది. తెర మీద వరుసలు పైకి పాకుతుంటే జేబులో ఫోను మోగింది. ఎందుకయ్య తీసి చూసి బల్ల మీద బోర్లా పెట్టాడు. అది మోగి మోగి ఆగి, మళ్లీ మోగింది. అప్పుడు ఎత్తాడు.

"ఆ... చెప్పు."

"ఏ జన్మలోనైనా మొదటిసారికి ఎత్తుతారా?" అంది భార్య. "చొక్కా ఇస్త్రీది వేసుకెళ్లారా, తలుపు వెనకదా? ఫోటో తీస్తారేమో."

"మన ఫోటో ఎవరు తీస్తారే?"

"ఎవరూ తియ్యకపోతే మరీ మంచిది. తలుపు వెనకదే వేసుకెళ్లారు కాబట్టి" అని పెట్టేసింది.

కొత్తమ్మాయి నవ్వు ఆపుకుంటూ పెట్టెని బల్ల మీద పెట్టి, సెకనుకి ఒకసారి పిలుపు పంపేలా చిన్న ప్రోగ్రాము రాసి వదిలింది. టింగ్. టింగ్. టింగ్. గంటసేపు సాగింది. పక్క గదిలో టంకం పెట్టే ఆడవాళ్లలో పెద్దామె తలుపు దగ్గరికి వచ్చి, చేతిలో టంకం కర్రతోనే నిలబడింది.

"ఎందుకయ్యా, పోతూ పోతూ మా చెవులు కూడా తీసుకుపోతావా ఏంటి?"

"ఇంకో పది నిమిషాలు అక్కా."

"ఇందాకా పదే అన్నావు. మీ పది మా అరవై లాగుంది" అని వెళ్లిపోయింది.

పదకొండున్నరకి మేనేజరు వచ్చాడు. నడిచినంతసేపూ జేబులో తాళాలు ఆడించే మనిషి. తెర వంక చూశాడు. మూడు వేల ఆరు వందల పిలుపులు వెళ్లాయి. మూడు వేల ఆరు వందల సార్లు మోగింది. ఒక్కటీ పోలేదు.

"ఇంకేం కావాలండీ మీకు?"

"ఎందుకు వద్దన్నాడో తెలియాలి."

"ఎప్పుడో ఎవరో వద్దన్నారని ఇప్పుడు కూడానా? మా తాత తవ్వించిన బావి అని అందులో దూకుతామా?"

"దూకొద్దండీ. ఆయన దానికి మూత ఎందుకు పెట్టాడో చూసి తీద్దాం."

మేనేజరు తాళాలు ఆగాయి. "అయిదింటికి సంతకం కావాలి. మీరు పెట్టకపోతే ఈ అమ్మాయి పెడుతుంది. రేపట్నుంచి ఎలాగూ ఆమేగా" అని వెళ్లిపోయాడు. కొత్తమ్మాయి చూపుడు వేలి గోరు పళ్ల మధ్య పెట్టుకుంది. మాట పడ్డది ఎందుకయ్య మీదైనా బరువు పడింది తన మీద.

పన్నెండూ నలభైకి టంకం పెద్దామె మళ్లీ వచ్చి, అన్నమైనా ప్రశాంతంగా తిననివ్వమంది. కొత్తమ్మాయి ప్రోగ్రాము ఆపేసింది. అందరూ కలిసి తిన్నారు. ఆడవాళ్లు ఎందుకయ్యకి ఎవరి డబ్బాలోది వాళ్లు పెట్టారు. ‘రేపట్నుంచి ఇంట్లో ఆవిణ్ణి ఎందుకు అని అడుగుతావు కాబోలు, గరిటె తిరగేస్తుంది చూసుకో’ అని ఒకామె అంటే, ఇరవై తొమ్మిదేళ్లుగా తిరగేస్తూనే ఉందని ఇతను చెప్పాడు.

చేతులు తుడుచుకుంటూ వచ్చేసరికి ఒంటిగంటా ఇరవై. కొత్తమ్మాయి కూర్చుంటూ, ఊరికే, అలవాటుగా, మంచం బటన్ నొక్కింది. బల్లకాలికి నూలుదారంతో కట్టి వేలాడదీసిన తెల్ల బటన్ అది.

పెట్టె మోగలేదు.

"తీగ ఊడిందేమో" అని మళ్లీ నొక్కింది. టింగ్.

ఇద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. ఆమె ఇంకోసారి నొక్కబోతే, ఎందుకయ్య ఆమె చేతికి అడ్డంగా పుస్తకం పెట్టాడు.

"ముట్టుకోకు. నలభై నిమిషాలు దేన్నీ ముట్టుకోకు."

ఇద్దరూ చేతులు ఒళ్లో పెట్టుకుని కూర్చున్నారు, పెళ్లిచూపులకి వచ్చినవాళ్ల లాగా. కిటికీ అద్దం మీద ఈగ ఒకటి ఎక్కుతూ జారుతూ ఉంది. ముప్ఫై ఏళ్లలో పని గంటల్లో ఇంతసేపు ఊరికే కూర్చోవడం ఎందుకయ్యకి ఇదే మొదలు. ఊరికే కూర్చుంటే మాటలు వాటంతటవే వస్తాయి.

అతను అక్కడ చేరింది టంకం పనికే. చెక్క పని చేసే చేతులు కాబట్టి సన్నటి పని బాగా వచ్చేది. ఒకరోజు పెద్దాయన పిలిచి, ‘ఇలా రా, ఇది చదువు’ అని తెర చూపించాడు. చదివి, ‘ఇది ఎందుకండీ?’ అన్నాడట. ఆ ఒక్క ప్రశ్నకే పెద్దాయన తన బల్ల పక్కన ఇంకో కుర్చీ వేయించాడు. అంతే. ఆ కుర్చీలోంచి పైకి ఎక్కలేదు, కిందికి దిగలేదు. అతని తర్వాత వచ్చిన నలుగురు మేనేజర్లయ్యారు. ఒకడు ఓసారి కనపడి, ‘ఇంకా అవును, కాదు కొట్టుకుంటున్నావా?’ అన్నాడు. అవునన్నాడు ఇతను.

"కోపం రాలేదా?" అంది కొత్తమ్మాయి.

"ఎందుకు? వాడడిగింది నిజమేగా. నేను చెప్పిందీ నిజమే."

"మీకు ఎప్పుడూ ఏదీ కావాలనిపించలేదా గురువుగారూ?"

ఎందుకయ్య ఈగ వంక చూశాడు. "ఇది తెలియాలనిపించింది" అన్నాడు, గడ్డంతో పుస్తకం వైపు చూపించి.

రెండింటికి ఆమె బటన్ నొక్కింది. పెట్టె పలకలేదు. రెండోసారి నొక్కితే పలికింది.

"పొద్దున్న మనం చేసింది చూశావా?" అన్నాడు నెమ్మదిగా. "సెకనుకోసారి తట్టి లేపుతూ, నిద్రపోతున్నావా నిద్రపోతున్నావా అని అడిగాం. అది ఎలా నిద్రపోతుంది? ఎవరూ పలకరించకుండా అరగంట వదిలితే గాఢంగా పడుకుంటుంది. అప్పుడొచ్చిన మొదటి పిలుపుకి మెలకువ వస్తుంది, కానీ ఆ పిలుపు పోతుంది. రెండోదానికే పలుకుతుంది."

"రెండోసారి నొక్కితే సరిపోతుందిగా మరి? మోగకపోతే ఎవరైనా మళ్లీ నొక్కుతారు" అంది ఆమె. ఆశ ఉంది ఆ గొంతులో. "అంత చిన్నదానికి ఆయన కింద రెండు గీతలు గీశారంటారా?"

అదే ఎందుకయ్యకీ అంతుపట్టలేదు. చిన్న లోపమైతే అలాగే రాసేవాడు పెద్దాయన. ‘మొదటి పిలుపు పోతోంది’ అని మూడు మాటలు. రాయలేక వదిలేసిన గడి అది, మరిచిపోయి వదిలింది కాదు.

పెద్దాయన కూతురు బట్టల కొట్టు పక్కన కుట్టుమిషను పెట్టుకుంది. ఆమె నంబరు అతని దగ్గర ఉంది. చేశాడు. వెనకాల మిషను గడగడలాడుతూనే, భుజానికీ చెవికీ మధ్య ఫోను ఇరికించుకుని మాట్లాడింది ఆమె.

"బాబాయ్, ఇవాళేగా మీ ఆఖరి రోజు? పిన్ని చెప్పింది."

"అవునమ్మా. ఒక మాట అడగాలి. మీ ఇంట్లో ఎప్పుడైనా మన పిలుపు పెట్టె పెట్టాడా నాన్న?"

మిషను ఆగింది.

"పెట్టాడు. పదహారేళ్ల కిందట, అమ్మ మంచం పట్టినప్పుడు" అంది. "మేడ మీద అమ్మ పక్కన బటన్. కింద నాన్న బల్ల మీద పెట్టె. ఎందుకు బాబాయ్?"

"అది ఎప్పుడైనా మోగలేదా అమ్మా?"

"ఒక్కసారి." ఆమె ఊపిరి తీసుకోవడం వినపడింది. "దాహమేసి నొక్కిందట అమ్మ. కింద మోగలేదు. తనే లేవబోయి పడిపోయింది. తొమ్మిది రోజులు ఉంది ఆ తర్వాత. ఎందుకు లేచావే అని నాన్న అడిగితే, ‘ఒకసారి నొక్కాను, పనిలో ఉన్నారేమో అనుకున్నాను’ అంది."

"రెండోసారి..."

"మా అమ్మ సంగతి మీకు తెలియనిదా బాబాయ్? జన్మలో ఎవర్నీ ఏదీ రెండోసారి అడిగిన మనిషి కాదు."

ఎందుకయ్యకి తెలుసు. ఆ ఇంట్లో ఎన్నిసార్లు భోజనం చేశాడో. ఆమె గుమ్మం పక్కన నిలబడి ఒకసారి ‘ఇంకొంచెం?’ అనేది. వినపడకపోతే అలాగే నిలబడేది.

"నెల రోజులు ఆ పెట్టె ఒళ్లో పెట్టుకుని కూర్చున్నాడు నాన్న" అంది కూతురు. "నొక్కితే మోగేది. మళ్లీ నొక్కితే మళ్లీ మోగేది. పిచ్చివాడిలా నొక్కేవాడు రోజంతా. బాగానే ఉంది, బాగానే ఉంది అనేవాడు. నేనే ఫ్యాను చప్పుడులో విని ఉండను అని తన్నే తిట్టుకునేవాడు. ఒకరోజు తెల్లారి లేచి నొక్కితే మోగలేదు. అప్పుడు ఏడ్చాడు. అంతవరకూ ఏడవలేదు."

ఎందుకయ్య ఫోను ఇంకో చెవికి మార్చుకున్నాడు.

"ఇప్పుడెందుకు బాబాయ్ ఇదంతా?"

"రేపట్నుంచి ఒక వృద్ధుల ఆస్పత్రిలో మంచాల పక్కన ఈ బటన్లు పెడుతున్నారమ్మా."

"నాన్న రాసే ఉంటాడుగా."

"రాశాడు. వద్దని రాశాడు" అన్నాడు ఎందుకయ్య.

మేనేజరుకి వాళ్లు కథ చెప్పలేదు. పెట్టె చూపించారు. మూడింటి నుంచి మూడూ నలభై దాకా అతన్ని కూడా చేతులు ఒళ్లో పెట్టించి కూర్చోబెట్టారు. తాళాలు కూడా ఆడించనివ్వలేదు. తర్వాత అతని చేతే నొక్కించారు. మోగని పెట్టె వంక అతను చాలాసేపు చూశాడు.

"మళ్లీ నొక్కమని నర్సులకి చెబితే..." అని మొదలుపెట్టి, నొక్కేది నర్సులు కాదని తనకే తట్టి ఆగిపోయాడు. "మరి ఆరు గంటల బ్యాటరీతో ఏం చెప్పమంటారు వాళ్లకి?"

"పెట్టెకి రెండు బ్యాటరీలిద్దాం సార్" అంది కొత్తమ్మాయి. "ఒకటి నడుముకి, ఒకటి ఛార్జింగుకి. డ్యూటీ మధ్యలో టీకి వెళ్లినప్పుడు మార్చుకుంటారు. మొదటి పిలుపుకే పలుకుతుంది అని రాయండి కాగితం మీద. అంతకంటే ఏం కావాలి వాళ్లకి?"

మేనేజరు ఆమె వంకా, ఎందుకయ్య వంకా చూశాడు. "వీరికి తగ్గ వారసురాలే" అని గొణిగి, తాళాలు ఆడించుకుంటూ వెళ్లాడు. కాదనలేదు. ఆ మనిషి దగ్గర అదే అవును.

ఎందుకయ్య నూట పదిహేడులో ‘కాదు’ కొట్టాడు. మిగిలిన నూట ఇరవై మూడు వరుసలూ ఒక్కొక్కటే చదివి, గీతలు గీసి, డ్రైవరు కట్టించి, సంతకం చేశాడు. తర్వాత పుస్తకం దగ్గరకి లాక్కున్నాడు. చెవి మీద నుంచి పెన్సిలు తీశాడు. ఒక క్షణం చూసి, పక్కన పెట్టాడు.

"నీ పెన్ను ఇలా ఇయ్యి."

"‘ఎందుకు’ గడిలో పెన్సిలుతోనేగా గురువుగారూ రాయాలి?"

"మారే కారణాలు పెన్సిలుతో" అన్నాడు.

గడి ఇరుకు. అక్షరాలు దగ్గర దగ్గరగా, వడ్రంగి కొలత వేసినట్టు రాశాడు: ‘మొదటి పిలుపు పోతుంది. కొందరు రెండోసారి పిలవరు.’ ఇంకు ఆరేదాకా పుస్తకం తెరిచే ఉంచాడు.

అయిదింటికి ఎవరూ ఫోటో తియ్యలేదు. టంకం ఆడవాళ్లు గుమ్మం దాకా వచ్చారు. పెద్దామె అతని చొక్కా కాలరు సర్దింది. అతను డబ్బా సంచీ తీసుకుని మెట్లు దిగుతుంటే జేబులో ఫోను మోగింది. ఒకసారి మోగి, రెండోసారి మోగేలోపే ఎత్తాడు.



"ఏమండీ," అంది భార్య భయంగా, "ఒంట్లో బాగానే ఉందా?"

"బాగానే ఉంది. చెప్పు, వింటున్నాను."

ఆ మాటలు మెట్ల మలుపు దగ్గర సన్నబడి, వీధి చప్పుడులో కలిసిపోయాయి.

పైన కొత్తమ్మాయి ఇంటికి వెళ్లలేదు. ఒక్కతే కూర్చుని, చేతులు ఒళ్లో పెట్టుకుని, గోడ గడియారం చూసుకుంటూ నలభై నిమిషాలు దేన్నీ ముట్టుకోలేదు. తర్వాత తెల్ల బటన్ నొక్కింది, ఒక్కసారే. పెట్టె వెంటనే పలికింది. ఆ చప్పుడు ఖాళీ గదిలో ఆగాక, పుస్తకం మూయబోయి చెయ్యి ఆపింది. తెరిచిన పేజీ మీద, ఆరిన ఇంకు పక్కన, రెండంగుళాల పెన్సిలు ముక్క ఉంది. చెవికి ఆనే చోట పసుపు రంగంతా పోయి, లోపలి కర్ర తేలి, నున్నగా మెరుస్తోంది.